లేని తెగులుకు నా గొంతు

మా ల్యాబ్ పేరు ఒక్క గుక్కలో చెప్పడం ఎవరివల్లా కాలేదు. విశ్వవిద్యాలయం పేరు, కంపెనీ పేరు, మధ్యలో 'భాగస్వామ్య', చివర 'కృత్రిమ మేధ పరిశోధనా కేంద్రం'. తలుపు వెడల్పుకు పట్టక బోర్డు మీద రెండు వరుసలుగా రాయించారు. కరీంనగర్ ఊరవతల, గ్రానైటు రాళ్ల లారీలు తిరిగే దారిలో ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం అది. కంపెనీ అంటే పురుగుమందులు అమ్మే కంపెనీ. లోపల ఒక పొడుగాటి గది, రెండు పెద్ద కంప్యూటర్లు, ఒక ఏసీ. ఆ ఏసీ కంప్యూటర్ల కోసమే తప్ప మనుషుల కోసం కాదని అటెండరు మొదటి రోజే తేల్చి చెప్పాడు.

ప్రకటనలో మా కొలువుకు 'రీసెర్చ్ అసోసియేట్, మెషీన్ లెర్నింగ్' అని పేరు పెట్టారు. పదకొండు నెలల కాంట్రాక్టు. పన్నెండో నెల కూడా ఇస్తే ఎక్కడ పర్మనెంటు చేయమంటామోనని వాళ్ల భయం. తీసుకున్నది ఇద్దరిని. కాంట్రాక్టు అయ్యాక ఆ ఇద్దరిలో ఒకరికి కంపెనీ ఖర్చుతో పీహెచ్‌డీ సీటు ఇస్తామని ఇంటర్వ్యూలోనే చెప్పారు. నేను చేరింది ఆ సీటు కోసం. అంతకుముందు కరీంనగర్‌లోనే ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పాఠాలంటే గైడులో ఉన్నది బోర్డు మీదకు ఎక్కించడం, పరీక్షలప్పుడు పిల్లల వెనక పోలీసులా తిరగడం. ఎంటెక్‌లో మాత్రం ఒకే ఒక్క విషయం నన్ను పట్టుకుని వదల్లేదు. యంత్రానికి వేల బొమ్మలు చూపించి, ఇది ఇదీ, అది అదీ అని చెబుతూ పోతే, ఒక రోజు అది చూడని బొమ్మను కూడా గుర్తు పడుతుంది. ఆ గుర్తు పట్టడం ఎలా జరుగుతుందో జీవితాంతం తవ్వుకుంటూ కూర్చోవాలని నా ఆశ. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ సీటును కోరుకున్నంతగా నేను ఇంకదేన్నీ కోరుకోలేదు.

ఆర్డరు చేతికి రాగానే బాపుకు చూపించాను. మా బాపు చాలా ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి, నడుము పోగొట్టుకుని వచ్చి, ఇప్పుడు ఉన్న కొద్దిపాటి పొలం చేసుకుంటున్నాడు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మంచిదే బిడ్డా. కఫీల్ ఎట్లాంటోడు?" అన్నాడు.

కఫీల్ అంటే అక్కడ పనివాడి వీసా, పాస్‌పోర్టు గుప్పిట్లో పెట్టుకునే యజమాని. నాకు నవ్వాగలేదు.

"ఇది యూనివర్సిటీ బాపూ. ఈడ కఫీల్ ఉండడు, గైడ్ ఉంటడు."

బాపు నవ్వలేదు. కాగితం మడిచి జాగ్రత్తగా నా చేతిలో పెట్టాడు.

మా ప్రొఫెసర్ సారు తెలివైన మనిషి. ఇది ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే తెలివితక్కువవాడు చేసే చెడుపును క్షమించవచ్చు. ఏ చిక్కునైనా చిటికెలో విప్పేవాడు. రెండో అసోసియేటు హైదరాబాద్ నుంచి వచ్చిన కుర్రాడు, నాకంటే చిన్న, నన్ను అక్కా అని పిలిచేవాడు. మంచివాడే. అతని మీద నాకు కోపం లేదు అని రాయాలని ఉంది కానీ అబద్ధమవుతుంది.

మా పని పత్తి. రైతు ఫోనుతో పత్తి ఆకును ఫోటో తీస్తే తెగులుందో లేదో యంత్రం చెప్పాలి. తెగులుంటే ఏ మందు కొట్టాలో కూడా చెప్పాలి. ఆ మందు ఎవరిదో చెప్పక్కర్లేదనుకుంటాను. యంత్రానికి నేర్పించాలంటే తెగులున్న ఆకుల ఫోటోలు వేలల్లో కావాలి, తెగులు లేనివీ అన్నే కావాలి. పత్తి అంటే ఆదిలాబాద్. అలా పరిశోధకులమైన మేమిద్దరం బస్సెక్కాం. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కి దిగేసరికి రోడ్డు పక్క మట్టి రంగే మారిపోతుంది. మా కరీంనగర్ దిక్కు ఎర్ర చెల్క కాస్తా అక్కడ నల్లరేగడి అవుతుంది. వాన పడితే ఆ మట్టి చెప్పును పట్టుకుని వదలదు.

అక్కడ జైనథ్ దాటాక ఒక ఊళ్లో మా మేనత్త ఉంటుంది. బాపుకు ఒక్కతే చెల్లె. మామా అత్తా ఇద్దరూ పత్తి చేనే నమ్ముకున్నవాళ్లు. మేం వాళ్లింట్లోనే దిగాం. అత్త హైదరాబాదు పిల్లవాడికి కూడా జొన్నరొట్టె అలవాటు చేసింది. రోజూ పొద్దున్నే జీపెక్కి ఊళ్లు తిరిగేవాళ్లం.

మొదటి రోజే అసలు సంగతి ఎదురైంది. ఒక పెద్దాయన చేను, కాపు విరగ్గాసి ఉంది. ఆకు ఆకూ కడిగినట్టుంది. గట్టు మీద నల్లకుండకు సున్నం చుక్కలు పెట్టి కర్రకు బోర్లించారు. నేను ఫోను తీశానో లేదో ఆయన అడ్డం వచ్చాడు.

"అది వద్దు బిడ్డా. కాత మీదున్న చేనుకు ఎవలన్న ఫోటో తీస్తరా? నజర్ తగుల్తది. గా మూలకు పురుగు తిన్న చెట్లున్నయి, వాటిని తీస్కో. ఎన్ని గావాల్నో అన్ని తీస్కో."

"ఒక్కటే కాకా. మంచి ఆకు గూడ కావాలె మాకు."

"మంచిదేడుంది? అంత ఉత్తదే. అంత పురుగే పట్టింది." నిండుగా కాసిన చేను ముందు నిలబడి ఆయన ఆ మాట అన్నాడు. అని, మెల్లగా అడిగాడు, "ఏం బిడ్డా, నష్టం గిట్ల రాస్తరా?"

ప్రతి చేను దగ్గరా అదే కథ. బాగున్న పంటను చూపించరు. చూపించినా ఫోటో తీయనివ్వరు. పాడైన మూలకు మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకుపోతారు. మా కుర్రాడికి ఇది తలకెక్కలేదు.

"వాళ్లు చూడనప్పుడు టకటకా తీసేద్దాం అక్కా," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. పురుడు పోసిన ఇంట్లో పసిగుడ్డు ముద్దుగా ఉందని అంటే చాలు, ఆ అన్నవాళ్ల వెనక ఉప్పు తిప్పి పోసే ఇంట్లో పుట్టినదాన్ని. మమ్మల్ని కన్న మా అవ్వ నా తమ్ముణ్ని మూడేళ్లు వచ్చేదాకా 'కాకిపిల్ల' అనే పిలిచింది, వాడు మా వాడకట్టులోకెల్లా అందగాడు. మన మంచిని మనమే తక్కువ చేసి చెప్పుకోవాలి, ఎవరి కన్నూ పడకుండా. దాన్ని మూఢనమ్మకం అంటే అనండి. వాళ్ల చేనులో నిలబడి, వాళ్ల బిందెలో నీళ్లు తాగి, వాళ్లు వద్దన్నది దొంగతనంగా తీయడం నాకు చేతకాదు. అది తప్పని నేనిప్పటికీ అనుకోవడం లేదు.

అత్త మాత్రం ఉపాయం చెప్పింది.

"తొలి పత్తి ఏరెదాక ఆగు బిడ్డా. పెరుగన్నం చల్లి, కొబ్బరికాయ కొట్టి, తొలి ఏరుడు అయినంక నజర్ లేదు గిజర్ లేదు. అప్పుడు ఊరు ఊరంత తీస్కో, ఎవలద్దంటరు?"

ఆ మాటే సారుకు ఫోన్లో చెప్పాను. ఏరుడు మొదలయ్యేదాకా ఆగితే మంచి ఆకులు కూడా ఇక్కడివే దొరుకుతాయన్నాను. సారు నవ్వాడు.

"ఏరుడు మొదలైతే మందు కొట్టే కాలం అయిపోతుంది కదమ్మా. అప్పుడు ఈ యాప్ ఎవరికి? మంచి ఆకులకేం కరువు, మన ఫారంలో తీద్దాం."

ఫారం అంటే మా విశ్వవిద్యాలయం వెనక పెంచుతున్న పత్తి. వ్యవసాయ కోర్సు ఉందని చూపించుకోవడానికి పెట్టింది. డ్రిప్పు, కంచె, కూలీలు, అన్నీ ఉన్నాయి. పురుగు వాలడానికి కూడా పర్మిషన్ అడుగుతుందన్నట్టు ఉంటుంది ఆ చేను. మంచి ఆకుల ఫోటోలన్నీ అక్కడే తీశాం. కరీంనగర్ ఎర్రమట్టి మీద.

ఆదిలాబాద్ నుంచి వచ్చిన రోగాన్నీ, కరీంనగర్‌లో తీసిన ఆరోగ్యాన్నీ కలిపి యంత్రానికి పెట్టాం. అది నేర్చుకుంది. ఎంత బాగా నేర్చుకుందంటే తప్పే చేయడం లేదు. సారు ముఖం వెలిగిపోయింది. కంపెనీకి ఫోన్లు వెళ్లాయి. క్యాంటీన్ నుంచి స్వీట్లు వచ్చాయి. అటెండరు ఏసీ మాకోసం వేశాడు.

అదే ఊపులో గొంతు సంగతి వచ్చింది. రైతులు చదవరు, వినాలి. కంపెనీవాళ్లు హైదరాబాద్‌లో ఎవరితోనో రికార్డు చేయించి పంపారు. ఆకాశవాణి వార్తల్లా ఉందది. సారు నన్ను పిలిచి, "మీ భాషలో నువ్వే చెప్పమ్మా, వాళ్లకు దగ్గరగా ఉంటుంది," అన్నాడు. చప్పుడు రాకుండా సామాన్ల గది తలుపులకు దుప్పట్లు వేలాడదీసి, అందులో కూర్చుని చెప్పాను. మా అత్తతో మాట్లాడుతున్నట్టే అనుకుని చెప్పాను.

"మీ పత్తికి తెగులు తగిలింది. ఫికర్ జెయ్యకుండ్రి. నేను చెప్పిన మందు ఇయ్యాల్నే కొట్టుండ్రి."

పంట బాగుంటే చెప్పే మాట కూడా రికార్డు చేశాను. "మీ పత్తి మంచిగున్నది. మందు అవసరం లేదు." ఆ రెండో మాటను ఆదిలాబాద్ జిల్లాలో ఇప్పటిదాకా ఒక్క మనిషీ విని ఉండడు.

నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, యంత్రం అంత బాగా చేయడమే. పత్తి ఆకు మీద తెగులును పోల్చుకోవడానికి మా మామ ఆకును వెనక్కి తిప్పి, ఎండకు పట్టి, వేలితో రుద్ది మరీ చూస్తాడు. అయినా ఒక్కోసారి తేల్చుకోలేడు. ఇదేమో చూసీ చూడకముందే చెప్పేస్తోంది. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక ఊరికే ఫోను తిరగేస్తుంటే ఒక ఫోటో కనబడింది. ఆదిలాబాద్‌లో వాన పడ్డ రోజు నల్లరేగడిలో ఇరుక్కుపోయిన నా చెప్పులు. అవ్వను నవ్వించడానికి తీసి పంపాను. దాన్ని యంత్రానికి చూపించాను.

"మీ పత్తికి తెగులు తగిలింది. ఫికర్ జెయ్యకుండ్రి," అంది నా గొంతు.

పక్కనున్న కుర్రాడు పడీపడీ నవ్వాడు. "అక్కా, నీ చెప్పులకు మందు కొట్టాలి!" నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం బయటికి నడిచి, ఫారంలో ఎర్రమట్టి మీద నీళ్ల సీసా పెట్టి తీశాం. పత్తి మంచిగున్నదని చెప్పింది. ఆదిలాబాద్ నుంచి తెచ్చి అట్టల మధ్య పెట్టిన తెగులు ఆకు ఒకటి ఉంటే, దాన్ని ఎర్రమట్టి మీద పరిచి తీశాం. అదీ మంచిగున్నదట, మందు అవసరం లేదట. అప్పటికి ఇద్దరి నవ్వూ ఆగిపోయింది.

యంత్రం ఆకును చూడనే లేదు. మట్టిని చూసింది. ఎర్రమట్టి అయితే ఆరోగ్యం, నల్లమట్టి అయితే రోగం. దాని తప్పేం లేదు పాపం, మేం చూపించింది అదే. రేపు ఆదిలాబాద్‌లో ఎవరు ఏ చేనులో ఫోటో తీసినా కింద ఉండేది నల్లమట్టే. ఊరంతటికీ తెగులే.

సారు గదికి ఇద్దరం వెళ్లాం. మాట్లాడింది నేను. చెప్పుల ఫోటో చూడగానే, నేను ఇంకా వివరం మొదలుపెట్టకముందే, ఆయనకు అంతా అర్థమైపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన అలా తుడుచుకున్న ఆ కాసేపూ నేను ఆయన్ని ఎంతో గౌరవించాను.

"రైతుల ముందు డెమో ఖాయమైపోయిందమ్మా. అయ్యాక సరిచేద్దాం," అన్నాడు.

"అయ్యాక రైతులు కొట్టేస్తారు కద సార్."

"ఒక మందు ఎక్కువ కొడితే చేను చస్తుందా? నువ్వు పీహెచ్‌డీ చేయాలనుకునే పిల్లవు. ముందు ల్యాబ్ నిలబడాలి, తర్వాత నువ్వు నిలబడతావు."

అంత నెమ్మదిగా చెప్పాడు. సీటు నీ నోట్లోనే ఉంది, తెరిస్తే జారిపోతుంది అని ఇంకెలా చెబుతారు? నేను రెండు రోజులు నోరు మూసుకున్నాను. మూడో రోజు కంపెనీ నుంచి మేనేజరమ్మ వచ్చింది. మీటింగులో అందరినీ ఏమైనా సందేహాలున్నాయా అని అడిగింది. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఇంకో దారి. లేచి నిలబడి అంతా చెప్పేశాను. మా కుర్రాడు టేబులు మీద గీతలు లెక్కపెడుతూ కూర్చున్నాడు.

ఆవిడ శ్రద్ధగా విన్నది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగల్లేదు. నేను కూర్చున్నాక అడిగింది, "అంటే ఆదిలాబాద్‌లో తెగులున్న చేనును ఇది ఎప్పుడూ వదిలిపెట్టదన్న మాట?"

"తెగులు లేని చేనును కూడా వదిలిపెట్టదండీ."

"జాగ్రత్త ఎక్కువైతే రైతుకు నష్టమేముంది చెప్పండి?" అని నవ్వి, సారు వైపు తిరిగి తర్వాతి విషయం ఎత్తుకుంది.

అప్పుడు తెలిసింది నాకు. మేం తప్పు చేశామని ఇన్నాళ్లూ నేను తల బద్దలు కొట్టుకుంటున్నాను, వాళ్లకు ఇంతకంటే ఒప్పు యంత్రం దొరకదు. పురుగుమందు అమ్మేవాడికి ప్రతి చేనులోనూ పురుగును చూసే యంత్రం కంటే ఏం కావాలి? దాన్ని సరిచేస్తానని నేను ముందుకు రావడం ఎలా ఉందంటే, ఒకడి ఇంట్లో లక్ష్మి నట్టింట కూర్చుంటే పొరుగామె పోయి కాళ్లు పట్టి లాగినట్టుంది.

బయటికొచ్చాక సారు నా పక్కన నడుస్తూ, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?" అన్నాడు. కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. ఆ జాలిని నేను ఎప్పటికీ క్షమించను.

డెమో ఆదిలాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలులో పెట్టారు. రైతులకు టోపీలు, భోజనాలు. కొమ్మలతో సహా పత్తి మొక్కలను అక్కడి నల్లమట్టితోనే కుండీల్లో పెట్టి వేదిక మీద వరసగా నిలబెట్టారు. తెర మీద ఫోటో పడటం, నా గొంతు వినబడటం. మన భాషలో మాట్లాడుతోందని జనం మురిసిపోయారు. మా అత్త ముందు వరసలో కూర్చుని, తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ "గా గొంతు మా కోడలిదే" అని చెబుతోంది. ఒక ముసలాయన లేచి, "అందరికీ పురుగేనా సారూ?" అని అడిగాడు. ఈ ఏడు ఉధృతి ఎక్కువగా ఉందని వేదిక మీది నుంచి జవాబు వచ్చింది. ఆయన కూర్చున్నాడు. పెద్దవాళ్లు చెప్పాక ఇంకేముంటుంది?

భోజనాల దగ్గర అత్తను పక్కకు లాగాను.

"అత్తా, దాన్ని నమ్మకు. అది ఉత్తదే. మంచి చేనుకు గూడ తెగులున్నదంటది. మామకు చెప్పు, చేనును కండ్లతోని చూసుకోమను, గంతే."

అత్త నా ముఖం వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ నా చెంపల మీదుగా తిప్పి, తన కణతలకు ఆనించి, మెటికలు విరిచింది. పటపటమని అన్ని వేళ్లూ విరిగాయి.

"సరే బిడ్డా. సరే. ఎవలకు చెప్పను," అంది.

విన్నదనుకున్నాను. ఆ పూట అన్నం కూడా తిన్నాను.

కాంట్రాక్టు అయ్యింది. సీటు కుర్రాడికి వచ్చింది. నాకిచ్చిన కాగితంలో 'బృందంతో కలిసి పనిచేసే స్వభావం పెంపొందించుకోవలసి ఉంది' అని ఉంది. కుర్రాడు నా బల్ల దగ్గరికి వచ్చి, "నువ్వు చెప్పింది నిజమే అక్కా," అన్నాడు. నిజమని అతనికి తెలుసు, సారుకు తెలుసు, మేనేజరమ్మకు తెలుసు. తెలిసినవాళ్లే ఇంతమంది ఉంటే ఆ నిజానికి ఇంక నా అవసరం ఏముంది? నేనన్న మాట ఒక్కటే, "నువ్వు అప్పుడే అంటే బాగుండె తమ్ముడూ." ఇప్పుడు అతని పేరు పక్కన 'డాక్టోరల్ ఫెలో' అని ఉంటుంది. ఈ యంత్రం మీద అతను రాసిన పేపరులో మట్టి ముచ్చట ఉండదు.

పోయే ముందు సారును ఒక్కటే అడిగాను. నా గొంతు తీసేయమన్నాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"రికార్డింగులు కంపెనీ ఆస్తి కదమ్మా. చేరేటప్పుడే సంతకం పెట్టావు. అయినా మంచి గొంతు, ఎందుకు తీసేయడం?"

ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. మంచం మీద నడుము వాల్చి అంతా విన్నాడు. ఆఖరికి, "మా కఫీల్ నయం బిడ్డా," అన్నాడు. "పాస్‌పోర్టు గుంజుకున్నడు గని వచ్చేటప్పుడు వాపస్ ఇచ్చిండు."

నేను మళ్లీ పాత ఇంజనీరింగు కాలేజీలోనే చేరాను. పిల్లలు ప్రాజెక్టు అని చెప్పి ఆకుల ఫోటోలు తెస్తే మట్టి రంగు చూడండిరా అని చెబుతుంటాను. వాళ్లకది పరీక్షలో రాదు కాబట్టి వినరు. తోటి లెక్చరర్లు మొదట్లో జాలి పడ్డారు, తర్వాత మరిచిపోయారు. నేను మాత్రం మరవలేదు. బస్సులో ఎవరైనా పల్లెటూరి మనిషి ఫోను స్పీకరులో పెట్టి ఏదైనా వింటుంటే ముందుకు జరిగి చెవి పెట్టేదాన్ని, అది నేనేనేమోనని.

మరుసటి ఏడు పత్తి ఏరుడుకు ఇంకా ముందే, ఒక ఆదివారం పొద్దున అత్త ఫోన్ చేసింది. మామను ఆదిలాబాద్ పెద్ద దవాఖానలో చేర్చారట. చేనులో మందు కొడుతూ కొడుతూ కళ్లు తిరిగి వీపు మీది పంపుతో సహా పత్తి సాల్లో పడిపోయాడట. బాపూ నేనూ మొదటి బస్సు పట్టుకున్నాం. మేం వెళ్లేసరికి గండం గడిచిందన్నారు. మామ మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు, పెదవులు తెల్లగా పాలిపోయి, చేతులు వణుకుతూ. సెలైన్ ఎక్కుతోంది.

"ఎన్నిసార్లు కొట్టినవ్ మామా?"

"ఎన్నిసార్లని చెప్పాలె? కొట్టుడు, మల్లొక వారం ఆగి ఫోటో తీసుడు. మల్లా ఉన్నదనే చెప్పె. ఇంక పోలేదనుకొని మల్లా కొట్టుడు. గట్టి పురుగు బిడ్డా, ఎంతకూ చస్తలేదు."

"నీ కంటికి కనబడ్డదా పురుగు?"

"నా కంటికి కనబడలే. ఆకు తిప్పి చూసిన, ఏం లేదు. మిషిన్‌కు కనబడ్డదంటే లోపల్లోపల ఉన్నదనుకున్న."

ఆకును వెనక్కి తిప్పి, ఎండకు పట్టి, వేలితో రుద్ది చూసే మనిషి. ఆయన కళ్లను ఆయన చేతే నమ్మకుండా చేసింది ఆ యంత్రం. ఆ కోపం మామ మీద తీర్చుకోలేక అత్త మీద పడ్డాను.

"నీకు చెప్పిన గద అత్తా! ఫంక్షన్ హాల్ల చెయ్యి వట్టి చెప్పిన గద, దాన్ని నమ్మకు, అది ఉత్తదని! ఎందుకు నమ్మిండ్రు?"

అత్త బిత్తరపోయింది. నేను ఎందుకు అరుస్తున్నానో ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. వార్డులో వాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. ఆమె నా దగ్గరగా జరిగి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"అంతమంది నడుమ నీ పని మీద నజర్ పడొద్దని అట్ల అన్నవనుకున్న బిడ్డా. మంచిదాన్ని మంచిదని మనమెన్నడన్న అంటమా? మీ అవ్వ నీ తమ్ముణ్ని కాకిపిల్ల అనలేదా?"

ల్యాబులో నిజం చెబితే వాళ్లకు అర్థమై పక్కన పెట్టారు. ఇక్కడ నిజం చెబితే నా వాళ్లు ముద్దు చేసి మడిచి దాచుకున్నారు. బాపు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

పక్క మంచం మీది రోగి భార్య ఇదంతా వింటోంది. ఎవరమ్మా ఈ పిల్ల, అంత కోపం చేస్తోంది అని అడిగింది. అత్త ముఖం మళ్లీ విచ్చుకుంది. కొంగుముడి లోంచి ఫోను తీసింది.

"మా అన్న బిడ్డ. ఫోన్ల మాట్లాడేది ఈమెనే. ఇను," అని నొక్కింది.

"మీ పత్తికి తెగులు తగిలింది," అని వార్డంతా వినబడేలా చెప్పాను నేను. "ఫికర్ జెయ్యకుండ్రి. నేను చెప్పిన మందు ఇయ్యాల్నే కొట్టుండ్రి."

ఎంత ప్రేమగా ఉందో ఆ గొంతు. దుప్పట్ల చాటున కూర్చుని అత్తను తలుచుకుని చెప్పిన గొంతు కదా. పక్క మంచం ఆమె మెచ్చుకోలుగా తల ఊపి, మాక్కూడా పత్తే ఉంది, మా ఫోన్లో కూడా వేయించు బిడ్డా అంది.

"వద్దమ్మా," అన్నాను. "దాన్ని నమ్మకు. అది ఉత్తదే."

ఆమె అత్త వైపు చూసింది. అత్త ఆమెకు కన్ను గీటి, నవ్వి, రెండు చేతులూ నా చెంపల మీదుగా తిప్పి మెటికలు విరిచింది.